తుమ్ము వెనక్కి వస్తే ఆయాసం అనుకోవద్దు

సంపాదకుల వారికి,

దీపావళి మతాబులతో మొదలై భోగి మంటలతో ముగిసే రెండున్నర నెలలూ మన ఇళ్లలో పొగ కాలం. కార్తీక దీపాలు, సాంబ్రాణి, చలికి మూసేసిన తలుపులు, ఆ మూసిన గదిలోనే దోమలకు వెలిగించిన కాయిల్. పగ్, షిట్జు, పామేరియన్, చివావా లాంటి చిన్న కుక్కలున్న ఇళ్ల నుంచి పశువైద్యులకు ఈ రోజుల్లో ఎక్కువగా వచ్చే ఫోను ఒకటుంది: ‘మా పిల్లదానికి ఆయాసం వచ్చేసింది, ఊపిరి ఆడటం లేదు.’ తీరా ఆసుపత్రికి చేర్చేసరికి ఆ పిల్లది తోక ఊపుకుంటూ బల్ల మీద నిలబడి ఉంటుంది. ఇంట్లోవాళ్లు అబద్ధం చెప్పలేదు. కుక్కకు జబ్బూ లేదు. ఈ రెంటి మధ్య ఉన్నదేమిటో, ఇంట్లో చేయాల్సిందేమిటో పత్రిక ద్వారా పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

జరిగేది ఇది. ఆడుకుంటున్న కుక్క ఉన్నట్టుండి ఆగిపోతుంది. మెడ ముందుకు చాచి, ముందుకాళ్ల మోచేతులు పక్కలకు పెట్టి, నోరు మూసి, పెదవులు వెనక్కి లాగి, ముక్కుతో గాలిని బలంగా, వెంటవెంటనే లోపలికి పీలుస్తుంది. ఒక్కో పీల్పుకీ పంది గుర్రుమన్నట్టు చప్పుడు. కళ్లు పెద్దవవుతాయి, డొక్కలు ఎగసిపడతాయి. పది సెకన్లు, ఇరవై సెకన్లు, మహా అయితే ఒక నిమిషం. ఆ తర్వాత ఒక గుటక వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోతుంది. దీన్నే రివర్స్ స్నీజింగ్ అంటారు. తెలుగులో వెనక్కి తుమ్ము అందాం.

మామూలు తుమ్ము ముక్కు ముందు భాగంలో చేరిన చెత్తను గాలితో బయటికి తోస్తుంది. ముక్కు వెనకాల, మెత్తటి అంగిలికి పైన ఉన్న సందులో ఏదైనా గుచ్చుకున్నా, జిగురు చేరినా, పొగ సోకినా ఆ తుమ్ము అంత లోపలికి అందదు. అప్పుడు శరీరం గాలిని లోపలికి లాగి, అక్కడున్నదాన్ని గొంతులోకి దించుతుంది. దించినదాన్ని కుక్క మింగేస్తుంది. అందుకే ఆ గుర్రుగుర్రు చాలాసార్లు గుటకతో ఆగుతుంది. గాలి ఆడకపోవడం వల్ల వచ్చే చప్పుడు కాదది, గాలిని గట్టిగా లాగడం వల్ల వచ్చే చప్పుడు. ఈ తేడా మనసులో ఉంటే సగం కంగారు తగ్గుతుంది. చిన్న కుక్కల్లో ముక్కు దారులు ఇరుకు. పగ్, షిట్జుల్లో ముఖం పొట్టిదైనా అంగిలి పొట్టిది కాలేదు. అది వెనక్కి వేలాడుతూ చిన్నదానికే ఒరుసుకుంటుంది. పెద్ద కుక్కలకూ ఈ తుమ్ము వస్తుంది. చిన్నవాటికి కాస్త ఎక్కువ, అంతే.

బయల్దేరబోతుంటే ఎవరైనా తుమ్మితే ఆగి, కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లడం మన పెద్దవాళ్ల అలవాటు. శకునాల సంగతి పక్కన పెడితే, ఇక్కడ చేయాల్సిందీ దాదాపు అదే. ఆగడం, కూర్చోవడం, ఒక గుటక పడేలా చూడటం.

ముందుగా కుక్కను చంకలోంచి దించి నేల మీద నిలబెట్టండి. నలుగురూ చుట్టూ మూగి కేకలు పెడితే దాని ఉద్రేకం పెరిగి తుమ్ము సాగుతుంది, కాబట్టి ఒక్కరే దగ్గర ఉండండి. నాలుక, చిగుళ్ల రంగు చూడండి. గులాబీ రంగులో ఉంటే తొందర లేదు. దవడ కింద నుంచి ఛాతీ వైపుకు గొంతు మీద రెండు వేళ్లతో మెల్లగా, ఐదారుసార్లు నిమరండి. గుటక పడకపోతే వేలి కొనకు కాస్త పెరుగు రాసి ముక్కు ముందు పెట్టండి. నాకితే మింగక తప్పదు. అదీ పనిచేయకపోతే ముక్కురంధ్రాల మీద వేలిని ఒకటి రెండు సెకన్లు మాత్రం ఆనించి తీసేయండి. నోరు తెరిచి మింగుతుంది. మామూలుగానే గురక పెట్టే పగ్‌లకు, కరిచే అలవాటున్న కుక్కలకు ఈ చివరిది వద్దు. అసలు ఏమీ చేయకపోయినా అదే ఆగుతుంది. ఇవన్నీ కుక్క కన్నా ఎక్కువగా యజమాని చేతులు ఊరుకోవని చెబుతున్నవి.

చేయకూడనివి చేయడం వల్ల వచ్చే నష్టమే అసలు నష్టం. గాలి లోపలికి లాగుతున్న సమయంలో నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ‘ఏదో ఇరుక్కుంది’ అని నోట్లో వేళ్లు పెడితే వేళ్లకు గాట్లు, కుక్క గొంతుకు గాయం. తలకిందులుగా ఎత్తి వీపు మీద చరచడం నిజంగా ఎముక అడ్డం పడ్డప్పుడు చేసే పని. గొంతులో ఏదైనా పూర్తిగా అడ్డం పడితే కుక్క గుర్రుమనదు. చప్పుడు లేకుండా గిలగిల్లాడుతుంది, చొంగ కారుస్తుంది, ముందుకాళ్లతో నోటిని గీరుకుంటుంది, నాలుక నీలమవుతుంది. అలాంటప్పుడు నిమరడం, పెరుగు నాకించడం అంటూ ఆగకూడదు. దగ్గరలోని ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక మందులు. ఇంట్లో మనుషులకు వాడే జలుబు మాత్రను ‘పావు ముక్కే కదా’ అని వేసేవాళ్లు చాలామంది. లెక్క చూడండి. చాలా జలుబు మాత్రల్లో పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు ఉంటుంది. 3 కిలోల కుక్కకు ఆ మాత్ర మొత్తం వేస్తే కిలో బరువుకు 166 మిల్లీగ్రాములు దాటింది. కిలోకు 100 దాటితే కుక్క కాలేయానికి ముప్పు. పావు ముక్కలో పారాసెటమాల్ ఆ హద్దు లోపలే ఉన్నా, అదే మాత్రలో ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్, కొన్నిటిలో కెఫీన్ కూడా ఉంటాయి. మొదటిది రక్తపోటును పెంచుతుంది, రెండోది చిన్న గుండెను దౌడు తీయిస్తుంది. చక్కెర లేని దగ్గు సిరప్‌లలో తీపి కోసం జైలిటాల్ కలిపి ఉండొచ్చు. అది కడుపులో పడితే కుక్క రక్తంలో చక్కెర అరగంట, గంటలోపే పడిపోతుంది. జలుబు బామ్ ముక్కుకు రాయడం, కర్పూరం వాసన చూపించడం ఇంకో అలవాటు. ముక్కు ఒరుసుకుపోయి బాధపడుతున్న కుక్కకు ఇంకో ఘాటు తగిలించడమే అది. పైగా రాసినదాన్ని నాకేస్తుంది. కర్పూరం కుక్కలకు విషం. వెనక్కి తుమ్ముకు మందు అవసరం లేదు. ఉంటే గింటే దాని వెనకున్న కారణానికి ఉంటుంది.

కారణాల్లో మొదటిది పొగ, దుమ్ము, ఘాటు. మనం నిలబడితే ముక్కు ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. పామేరియన్ ముక్కు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. (మన ఇళ్లలో పామేరియన్ అని పిలిచేవాటిలో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్‌లే. అసలు పామేరియన్ వీటికన్నా బాగా చిన్నది. తుమ్ము విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే బాట.) ముగ్గు పిండి, ఫ్యాను మీద నుంచి రాలిన దుమ్ము, ఇంకా తడి ఆరని ఫినాయిల్ ఘాటు, మంచం కింద పెట్టిన కాయిల్ పొగ, ఇవన్నీ నేరుగా ఆ ఎత్తులోనే ఉంటాయి. మిరపకాయల పోపు మనకు రెండు తుమ్ములు తెప్పిస్తే దానికి పది గుర్రులు తెప్పిస్తుంది. రూమ్ ఫ్రెషనర్, సెంటు, కుక్కల కోసమే అమ్మే సువాసన స్ప్రే కూడా అంతే. ఆ చివరిదాన్ని ఏ కుక్కా అడగలేదు.

రెండోది మెడ. పిల్లను కొన్న రోజే దుకాణంలో గంటలు కట్టిన బెల్టు మెడకు తగిలించి, చైను చేతికిచ్చి పంపుతారు. గేటు తీయగానే ఉత్సాహంగా ముందుకు ఉరుకుతుంది, బెల్టు గొంతును నొక్కుతుంది, అక్కడే తుమ్ము మొదలు. ఈ బెల్టు మెడకు కాక ఛాతీకి ఉండాలి. దుకాణాల్లో బాడీ బెల్టు, హార్నెస్ అని అడిగితే ఇస్తారు. కానీ అన్నీ పనికిరావు. తొడిగి చైను ముందుకు, పైకి లాగి చూడండి. పట్టీ జారి గొంతు మీదికి ఎక్కితే అది మెడ బెల్టుతో సమానమే. ముందు పట్టీ గొంతు కింద గట్టిగా తగిలే రొమ్ము ఎముక మీద నిలవాలి. పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్లు దూరాలి. చంకల్లో ఒరుసుకోకూడదు. పిల్ల ఎదుగుతున్నప్పుడు రెండు వారాలకోసారి ఈ రెండు వేళ్ల పరీక్ష చేయాలి. పేరు రాసిన బిళ్ల కోసం పలుచటి మెడపట్టీ ఉంచుకోవచ్చు, చైను మాత్రం దానికి తగిలించకండి.

మూడోది ఆత్రం. గబగబా తిన్నా, తాగినా ఒక గింజ, ఒక చుక్క అంగిలి వెనక్కి ఎక్కుతుంది. ఖరీదైన స్లో ఫీడర్ గిన్నె కొనక్కర్లేదు. పాత ఇడ్లీ ప్లేటు గుంటల్లో కాస్త కాస్త మేత సర్దండి. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు వెళ్లేలోగా మింగే వ్యవధి దొరుకుతుంది. నడిచి వచ్చాక గిన్నె నిండా నీళ్లు పెట్టకుండా అడుగు తడిసేంత పోసి, ఐదు నిమిషాలాగి మళ్లీ పోయండి.

పొగ ఆపినా, బెల్టు మార్చినా, మేత నెమ్మదించినా తుమ్ములు తగ్గకపోతే ఇక లోపల వెతకాలి. అందరూ ముక్కు వైపే చూస్తారు, మేం మాత్రం ముందు నోరు చూడమంటాం. చిన్న జాతుల్లో పళ్లు కిక్కిరిసి ఉంటాయి, పాలపళ్లు కొన్ని ఊడకుండానే కొత్తవి వస్తాయి, గార త్వరగా పడుతుంది. పై కోరపన్ను వేరుకూ ముక్కు దారికీ మధ్య ఎముక కాగితంలా పలుచన. ఆ వేరు దగ్గర చీము పడితే ఎముక కరిగి నోటికీ ముక్కుకూ మధ్య కన్నం పడుతుంది. తిన్నదీ తాగినదీ అక్కడి నుంచి ముక్కులోకి వెళుతుంది. తిన్న వెంటనే తుమ్ములు, ఒక ముక్కురంధ్రం నుంచే చీమిడి, నోటి దుర్వాసన, ఈ మూడూ కలిస్తే అలర్జీ మందులు వాడుతూ నెలలు గడపకండి. మత్తు ఇచ్చి పళ్ల ఎక్స్‌రే తీస్తేనే తేలుతుంది. పన్ను తీసి కన్నం మూస్తేనే తగ్గుతుంది.

ముక్కులో కాపురం పెట్టే పురుగులూ ఉన్నాయి. ముక్కు మైట్లు ఒక మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర వరకు ఉండే లేతరంగు జీవులు. ఒక కుక్క ముక్కు నుంచి మరో కుక్క ముక్కుకు నేరుగా పాకుతాయి. కుక్క నిద్రపోతున్నప్పుడు ముక్కు అంచున కదులుతూ కనిపించవచ్చు. కెమెరా గొట్టంతో చూసినా దొరక్కపోవచ్చు కాబట్టి అనుమానం ఉంటే డాక్టర్లు మందు వేసి చూస్తారు. ఆ మందుల్లో ఐవర్‌మెక్టిన్ ఒకటి కావడంతో ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. పశువుల మందుల దుకాణాల్లో దొరికే ఒక శాతం ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. అది 50 కిలోల పశువు బరువుకు లెక్కగట్టిన మోతాదు. 3 కిలోల కుక్కకు అదే లెక్కన పోతే 0.06 మిల్లీలీటరు, అంటే ఒక బొట్టు కన్నా కాస్త ఎక్కువ. ఉజ్జాయింపుగా ఒక మిల్లీలీటరు ఎక్కించినవాడు పదహారు రెట్లు ఎక్కించినట్టు. వణుకు, చూపు పోవడం, కోమా ఆ మోతాదులో వింతేమీ కాదు. కోలీ జాతి రక్తం ఉన్న కుక్కలకు చాలా తక్కువ మోతాదు కూడా పడకపోవచ్చు. గుండెలో పురుగులున్న కుక్కకు మరో రకం ప్రమాదం. చిన్న కుక్కలకు మెడ వెనుక చర్మం మీద వేసే సెలామెక్టిన్ లాంటి మందులు ఉన్నాయి. ఏది, ఎంత అనేది తూకం చూసి డాక్టరే చెప్పాలి.

మాంసం కొట్టు నుంచి మేక ఊపిరితిత్తులు, పేగులు ఊరికే తెచ్చి పచ్చిగా పెట్టే ఇళ్లలో ఇంకో పురుగు గురించి తెలుసుకోవాలి. నాలుక ఆకారంలో ఉంటుంది. దాని పిల్లలు మేకల్లో దాగి ఉండి, పచ్చి మాంసం తిన్న కుక్క ముక్కులో చేరి పెరుగుతాయి. ఎడతెగని తుమ్ములు, ముక్కు నుంచి రక్తం దాని గుర్తులు. ఉడికించి పెడితే ఆ బెడద లేదు. ముక్కు నుంచి రక్తం కారితే మన ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది మాత్రం పిడుదుల జ్వరం. తుమ్ము సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష.

గడ్డిలో తిరిగి వచ్చిన వెంటనే, అంతకు ముందెప్పుడూ లేని తుమ్ములు తెరలు తెరలుగా మొదలై, ఒక వైపు ముక్కునే కాలితో గీరుకుంటుంటే గడ్డి వెన్ను ముల్లు లోపలికి పోయి ఉండొచ్చు. దాని ముళ్లు ఒకే వైపుకు వాలి ఉంటాయి, లోపలికి జరుగుతుందే తప్ప వెనక్కి రాదు. ఇంట్లో పట్టకారుతో తీసే ప్రయత్నం వద్దు. రెండు వైపులా గాలి ఆడుతోందో లేదో మాత్రం మీరే చూడవచ్చు. చేతి అద్దాన్ని కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి ముక్కు కింద పట్టండి. రెండు మసక మచ్చలు పడితే రెండు దారులూ తెరిచి ఉన్నట్టు. ఒకటే పడితే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

వెనక్కి తుమ్మును పోలిన జబ్బులు రెండు. ఒకటి గాలిగొట్టం కుంగిపోవడం. శ్వాసనాళాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి వలయాలు చిన్న జాతుల్లో మెత్తబడి చదునవుతాయి. చప్పుడు పెద్దబాతు అరుపులా పొడిగా ఉంటుంది. అది పీల్చే చప్పుడు కాదు, దగ్గు. చివర కక్కబోయినట్టు చేసి తెల్లటి నురగ పడుతుంది. బెల్టు నొక్కినా, ఎగిరినా, నీళ్లు తాగినా వస్తుంది కాబట్టే పొరపాటు. ఒకే కుక్కకు రెండూ ఉండటమూ మామూలే. ఇక్కడ ఛాతీ బెల్టు సలహా కాదు, చికిత్సలో భాగం. బరువు తగ్గించడం కూడా. ప్రక్కటెముకలు చేతికి తగలకపోతే కుక్క లావైనట్టే. రెండోది గుండె కవాటం. ఏడెనిమిదేళ్లు దాటిన చిన్న కుక్కల్లో కవాటం మందమై లీకవుతుంది, రాత్రిపూట దగ్గు మొదలవుతుంది. గాఢ నిద్రలో ఉన్నప్పుడు 30 సెకన్ల పాటు డొక్క ఎన్నిసార్లు ఎగసిందో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. వరుసగా రెండు మూడు రాత్రులు అంతకు మించితే పగలు చలాకీగా ఉన్నా చూపించాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వస్తువులు తీసుకెళ్లండి. ఒకటి వీడియో. ఆసుపత్రి బల్ల మీద ఏ కుక్కా అడిగినప్పుడు తుమ్మదు. టీవీ ఆపి, లైటు వేసి, నేల మీద కూర్చుని కుక్క ఎత్తులో ఫోను పెట్టి పక్క నుంచి తీయండి. ముక్కు నుంచి డొక్క దాకా ఫ్రేములో ఉండాలి, చప్పుడు వినిపించాలి, ఆగిన తర్వాత మరో పది సెకన్లు నడవాలి. పీలుస్తోందా దగ్గుతోందా అన్నది అందులో ఇట్టే తేలుతుంది. రెండోది క్యాలెండర్. పాలవాడి లెక్క రాసే క్యాలెండర్ మీదే తుమ్ము వచ్చిన వేళ, ఎన్ని సెకన్లు, దానికి ముందు పది నిమిషాల్లో ఇంట్లో జరిగిందేమిటి అని రెండు వారాలు రాయండి. పూజ, పోపు, ఊడ్పు, షికారు, ఏసీ, ఇలా. ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ ఒక్కదాన్నీ వారం ఆపి చూడండి. అన్నీ ఒకేసారి ఆపితే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

నెలకు నాలుగైదుసార్లు వచ్చి, మధ్యలో తిండి, ఆట, నిద్ర మామూలుగా ఉంటే క్యాలెండర్ చాలు. రోజుకు చాలాసార్లు వస్తున్నా, నిద్రలోంచి లేపుతున్నా, ముసలి కుక్కకు కొత్తగా మొదలైనా, కంటి కింద వాపు, బరువు తగ్గడం, సొమ్మసిల్లడం ఉన్నా వాయిదా వేయకండి. నాలుక నీలంగా ఉంటే అదే క్షణం బయల్దేరాలి. వేసవిలో పగ్ నోరు తెరిచి గట్టిగా రొప్పుతుంటే తుమ్మేమో అని చూస్తూ కూర్చోవద్దు. అది వడదెబ్బ కావచ్చు. ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే తీసుకెళ్లాలి.

మీ పత్రికకు ఒక మనవి. ఏటా దీపావళికి కుక్కల చెవుల గురించి, టపాసుల మోత గురించి రాస్తారు. మంచిదే. ముక్కుల గురించీ నాలుగు మాటలు కలపండి. అపార్టుమెంటు సంఘాలు ఎండుటాకులు పోగుచేసి తగలబెట్టే మూలలు పార్కింగులోనే ఉంటున్నాయి. ఆ పొగ మొదటి అంతస్తు బాల్కనీలోకే వస్తుంది. తెల్లవారుజామున వీధి ఊడ్చే వేళ కాక, దుమ్ము అణిగాక కుక్కను నడిపించమని రాస్తే ఖర్చులేని వైద్యం. సాంబ్రాణి వేసే అరగంట కుక్కను వేరే గదిలో ఉంచి, పొగ పోయాక తలుపు తీస్తే పూజకూ లోటు లేదు.

భోగి రోజు మాత్రం ముందురాత్రే సిద్ధం కావాలి. వీధి వైపు కిటికీలు మూసి, కుక్కను వెనక గదిలో పడుకోబెట్టండి. తలుపు కింది సందులో తడి గుడ్డ పెట్టండి. మంటలో ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు వేయవద్దని వీధివాళ్లతో ఒక మాట అనండి. మంట ఆరి, బూడిద మీద నీళ్లు చల్లి ఎత్తేశాక, ముగ్గు తడి ఆరి నేలకు అంటుకున్నాక అప్పుడు ఛాతీ బెల్టు తొడిగి వాకిట్లోకి తీసుకురండి.

ఇట్లు,
పెంపుడు జంతువుల వైద్యంలో ఉన్న కొందరు పశువైద్యులు,
విజయవాడ